సున్నా వారాల తవిటయ్య

చోడవరం మెయిన్ రోడ్డులో మా కంప్యూటర్ సెంటరు మేడమీద ఉండేది. మెట్ల కింద మిగిలిన కాస్త చోటులో తవిటయ్య బాబాయి కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఆయన్ని ఏమడిగినా జవాబు ఒకటే.

"టీ చెప్పనా బాబాయ్, కాఫీ చెప్పనా?"

"ఏదైనా పరవాలేదమ్మా."

"ఇడ్లీయా, పూరీయా?"

"ఏదైనా పరవాలేదు."

నాకసలే ముక్కు మీద కోపం. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. "ఏదైనా అనే టిఫిను హోటల్లో ఉండదు బాబాయ్. ఉన్నవాటిలో ఒకటి చెప్పు" అని కసిరేదాన్ని. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నా కోపం నాకే దండగ అనిపించేది. ఇడ్లీయే తెప్పించేదాన్ని.

నేను వడ్డాది దగ్గర మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ సెంటరులో పాఠాలు చెప్పేదాన్ని. తొంభై ఎనిమిదో సంవత్సరం. నాలుగు కంప్యూటర్లు, వాటికి నాలుగు పూల గుడ్డలు, చెప్పులు గుమ్మం బయటే విప్పాలని ఒక బోర్డు. కరెంటు ఉంటే పాఠం, లేకపోతే కిందికి దిగి తవిటయ్య బాబాయి దగ్గర కబుర్లు. నిజం చెప్పాలంటే పాఠాలకన్నా కబుర్లే ఎక్కువ జరిగేవి.

వింత ఏమిటంటే, తనకేం కావాలో ఒక్కనాడూ చెప్పని ఆ మనిషి ఎదుటివాళ్ళని మాత్రం ప్రశ్నలతో చంపేసేవాడు. చొక్కా గుడ్డ తెచ్చినవాడు గట్టున పడాలంటే అరగంట. పొడుగు చేతులా, పొట్టి చేతులా? జేబు ఒకటా, రెండా? జేబులో పెన్ను పెడతావా, బీడీకట్ట పెడతావా? కాలరు గట్టిగా ఉండాలా, మెత్తగానా? "నీ ఇష్టం తవిటయ్యా" అని ఎవరైనా అంటే, వాడు కిందటిసారి ఎలా కుట్టించుకున్నాడో గుర్తు తెచ్చుకుని అలాగే కుట్టేవాడు. జేబు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయినవాడికి కూడా జేబు తప్పకుండా ఉండేది.

ఆయన భార్య దేముడమ్మ. నేను పిన్ని అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చి, ఆయన తినేదాకా మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి ఆయన గుట్టు విప్పేది. ఆవిడ దగ్గరున్న పెద్ద కథ పెళ్ళిచూపులది. కె.కోటపాడు పక్కన వాళ్ళ ఊరు. ఇంట్లో ఈవిడా, ఈవిడ చెల్లెలూ ఇద్దరూ పెళ్ళీడు పిల్లలే. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరు నచ్చారు బాబూ అని వాళ్ళ నాన్న అడిగాడట. ఈయన తల దించుకుని అన్న మాట, "ఎవరైనా పరవాలేదండి."

"ఇన్నావా గుంటా?" అనేది పిన్ని నాతో. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. "నాను నచ్చి కట్టుకున్నాడేటి? పెద్దదాన్ని కాబట్టి నన్ను ముందు అంటగట్టీసేరు. సెల్లి పెద్దదైతే సెల్లినే తెచ్చుకునీవోడు. వొంకాయలు బేరమాడినా ఒకటి నొక్కి సూత్తారు కదా!"

బాబాయి తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. పిన్ని నవ్వుతూనే చెప్పేది గానీ, చెప్పిన ప్రతిసారీ చివర్లో గొంతు కొంచెం గరుకుగా అయ్యేది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆ ముల్లు అలాగే ఉంది.

ఆయన కళ్ళలో శుక్లాలు ఎప్పుడు మొదలయ్యాయో ఆయన చెప్పలేదు. మాకే మెల్లిగా తెలిసింది. ముందు సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. పొద్దున్నే వచ్చి, ఓ పది సూదులు గుడ్డకి గుచ్చి పెట్టుకుని, మెట్లెక్కే మా విద్యార్థుల్ని "బాబూ, కూసింత దారం ఎక్కించి ఎల్లు" అని బతిమాలుకునేవాడు. తర్వాత రంగులు పోయాయి. నా మెరూన్ జాకెట్టుకి ఆకుపచ్చ దారంతో కుట్టి ఇచ్చాడు. తెల్ల చొక్కాలకి గోధుమరంగు కాజాలు. కుట్టు మాత్రం చేతి అలవాటు మీద గీత గీసినట్టు వచ్చేది. నేను ఆ జాకెట్టు వేసుకుని పైట కాస్త ముందుకు లాక్కుని తిరిగాను. ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ఏడు కంటి శిబిరం పెట్టారు. ఊళ్ళో పెద్దమనుషులు కొందరు ఒక సంఘంగా చేరి, బట్టలకొట్టు గణపతిరావుగారిని అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. చోడవరంలో కళ్ళు చూసి, ఆపరేషను కావలసినవాళ్ళని వరసగా ఐదు శనివారాలు వ్యానులో విశాఖపట్నం తీసుకెళ్తారు. ఎవరికి ఏ శనివారం వీలో వాళ్ళే చెప్పుకోవాలి. ఆ వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించే పని మా సెంటరు యజమాని శ్యాంప్రసాద్ సార్ తీసుకున్నారు.

సార్ మంచివాడే. కొత్త సీడీ చేతికొస్తే మాత్రం పసిపిల్లాడైపోతాడు. అప్పుడే విశాఖపట్నం నుంచి ఒక ప్యాకేజీ తెచ్చారు. తెర మీద గళ్ళు ఉంటాయి. ఒక గడిలో ఊళ్ళు, ఒక గడిలో మనుషుల పేర్లు, ఒక గడిలో వారాలు. దేని మీద నొక్కితే అది ఆకుపచ్చగా మారుతుంది. దానితో కుదిరేవి తెల్లగా ఉంటాయి. కుదరనివి బూడిదరంగులోకి పోతాయి. అంతే కాదు, ఆ గళ్ళ మీద మనం లెక్కసూత్రం లాంటి ఒక ఎక్స్‌ప్రెషన్ రాసుకోవచ్చు. ఒక గడిలో ఎన్నింటిని ఎంచామో లెక్కపెట్టి చెప్పే ఫంక్షన్ అందులో ఉంది. సార్ దాన్ని పట్టుకుని ఎక్స్‌ప్రెషన్ రాశారు. మనిషి పేరు నొక్కి, అతను చెప్పిన వారాలు నొక్కాలి. ఎంచిన వారాలు ఒకటో రెండో ఉంటే అతని పేరు ఆ వారాల వ్యానులోకి వెళ్తుంది. సున్నా అయితే పేరు పక్కన 'ఇష్టపడలేదు' అని పడుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

పేర్లు ఎక్కించిన రోజు నేను లేను. మా ఇంట్లో వరికోతలు, సెలవు పెట్టాను. నేను తిరిగొచ్చేసరికి మొదటి వ్యాను వెళ్ళిపోయింది. బాబాయి వెళ్ళలేదు. రెండోది వెళ్ళింది, మూడోది వెళ్ళింది. ఆయన కింద సూదులు గుచ్చుకుంటూనే ఉన్నాడు.

"నిన్ను పిలవలేదేటి బాబాయ్?"

"పిలుత్తారమ్మా. బోల్డుమంది ఉన్నారు కదా. ఒచ్చినప్పుడు ఒత్తాది."

నాలుగో వ్యాను కూడా వెళ్ళాక పిన్నికి ఓపిక పోయింది. ఆవిడ తమ్ముడికి ఇటికబట్టీ ఉంది. బట్టీ దగ్గర కాపలాకి మనిషి కావాలన్నాడు. కాపలాకి చూపు అక్కర్లేదు, దగ్గితే చాలట. పిన్ని ఆలోచించుకుని, వడ్డాది నుంచి పరదేశి అనే ఆయన్ని మిషను కొనుక్కోవడానికి రప్పించింది. పరదేశి వచ్చి చక్రం తిప్పి చూశాడు, బెల్టు లాగి చూశాడు, సోమవారం వచ్చి పట్టుకెళ్తానని చెప్పి వెళ్ళాడు. అప్పుడు నేను మెట్ల మీదే ఉన్నాను.

"అమ్మీమంటావేటి మరి?" అని పిన్ని ఆయన్ని అడిగింది.

"నీ ఇష్టం" అన్నాడు బాబాయి.

అని, మిషను మీద చెయ్యి పెట్టి, లేని దుమ్ము తుడిచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చక్రం తిప్పిన మనిషి ఇటికల మధ్య కూర్చుని దగ్గాలా? మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్ళాను. చెప్పులు కూడా విప్పలేదు.

"సార్, తవిటయ్య బాబాయిని ఎందుకు పిలవలేదు?"

శ్యాంప్రసాద్ సార్ తాపీగా తెర వైపు తిరిగి చూశారు. "ఆయన ఇష్టపడలేదమ్మా. ఇదిగో, సిస్టంలో ఉంది."

"ఆయన వద్దన్నాడా? మీ చెవులతో విన్నారా?"

"వద్దని అనలేదు..." సార్ గుర్తు చేసుకున్నారు. "ఏ వారం కావాలి అని అడిగాను. ఏ వారమైనా పరవాలేదు బాబూ అన్నాడు. ఏ వారమూ చెప్పలేదు కాబట్టి నేనేమీ నొక్కలేదు."

"ఏ వారమైనా అంటే అన్ని వారాలూ అని కదండీ!"

"రూపాదేవీ, అరవకు. క్లాసు నడుస్తోంది."

క్లాసు ఏమీ నడవటం లేదు. ఉన్న నలుగురూ మమ్మల్నే చూస్తున్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని మౌస్ అందుకున్నాను. బాబాయి పేరు నొక్కాను, ఆకుపచ్చ అయింది. పక్కన వారాల గడి చూశాను. ఐదు వారాలూ తెల్లగా మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఒక్కటీ బూడిదరంగులో లేదు. అంటే ఆయనకి ఐదు వారాలూ తెరిచే ఉన్నాయి. పేరు పక్కన మాత్రం 'ఎంచిన వారాలు: సున్నా. ఇష్టపడలేదు.' అని ఉంది. ఒక వారం నొక్కాను, సున్నా ఒకటయింది. దాన్ని తీసేశాను, మళ్ళీ సున్నా. గడి నిండా వారాలు పెట్టుకుని సున్నా అంటోంది.

"తప్పు చెబుతోంది సార్ ఇది."

"తప్పు లేదు" అన్నారు సార్. ఈసారి ఆయన గొంతు కూడా తగ్గింది. ఆయనా తెర వైపే చూస్తున్నారు. "నేను దాన్నడిగింది, ఎన్ని ఎంచారు అని. ఎంచింది ఏమీ లేదు. సున్నా అంది. అది నిజమే కదా."

నిజమే. అక్కడ నాకూ విషయం తట్టింది. ఆ ఫంక్షన్ వేలితో నొక్కినవాటిని మాత్రమే లెక్కపెడుతుంది. నొక్కకుండా వదిలేస్తే ఎన్ని మిగిలి ఉన్నాయో దానికి పట్టదు. అది లెక్కపెట్టడానికి ఇంకో ఫంక్షన్ ఉంది. ఆకుపచ్చవీ తెల్లవీ కలిపి, వీలున్నవెన్ని అని చెప్పేది. సార్ పుస్తకం తిరగేసి దాన్ని పట్టుకున్నారు. పక్కపక్కనే రెండూ పెట్టి చూశాం. ఎంచినవి సున్నా, వీలున్నవి ఐదు. ఒకే మనిషికి రెండు లెక్కలు, రెండూ నిజాలే. సున్నా వస్తే ఇష్టం లేనట్టే అనుకోవడం మాత్రం ఆ ప్యాకేజీ చేసిన పని కాదు. ఆ ముక్క రాసింది సారే.

"అయితే సున్నా ఉన్న చోటల్లా అన్ని వారాలూ అని మార్చేద్దాం" అన్నారు సార్ ఉత్సాహంగా.

"ఆగండి సార్. అచ్చియ్యమ్మ?"

అచ్చియ్యమ్మ మా సెంటరు వీధి చివర చేపలు అమ్ముకునే ముసలమ్మ. కత్తి అనే మాట వినగానే "నా కన్ను నాకుండనీండి బాబూ" అని పేర్లు రాసే బల్ల దగ్గర్నుంచి పరిగెత్తిందట. ఆవిడ పేరు నొక్కి చూశాం. ఆవిడకీ వారాలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆవిడకీ సున్నాయే. వద్దన్నవాళ్ళూ, ఎప్పుడైనా సరే అన్నవాళ్ళూ ఒకే సున్నాలో కూర్చున్నారు. తెర ముందు ఎంతసేపు కొట్టుకున్నా వాళ్ళని విడదీయలేం. వెళ్ళి అడగాల్సిందే.

'ఇష్టపడలేదు' అన్న పేర్లన్నీ కింది వరకూ జరుపుకుంటూ చూస్తే నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నాకు తెలిసిన మొహమాటస్తులందరూ అందులోనే ఉన్నారు. 'నాకు ఫలానా వారమే కావాలి, ఆ తర్వాత మా మేనల్లుడి పెళ్ళి' అని బల్ల గుద్ది చెప్పినవాళ్ళు కళ్ళు బాగుచేయించుకుని వచ్చేశారు. పెద్దమనిషి అడుగుతుంటే మనం వారాలు ఎంచడమేమిటి, మర్యాద కాదు అనుకున్నవాళ్ళు ఇళ్ళలో కూర్చుని పిలుపు కోసం చూస్తున్నారు. ఆ ప్యాకేజీ తయారుచేసిన దేశంలో ఏదీ అడగనివాడు ఏదీ అక్కర్లేనివాడేమో. మా చోడవరంలో అలా కాదు బాబూ. ఇక్కడ అక్కర ఎంత ఎక్కువైతే నోరు అంత తక్కువ లేస్తుంది.

అప్పటికి గురువారం సాయంత్రం. మిగిలింది ఒక్క శనివారం, ఆఖరి వ్యాను.

కిందికి దిగి బాబాయికి అంతా చెప్పాను. ఆయన కాలు ఆపి విన్నాడు.

"అంటే ఏటమ్మా, నాను ఒద్దన్నానని రాసీసిందా మిసను?"

"నువ్వేదీ ఎంచుకోలేదు కదా. ఎంచుకోకపోతే వద్దన్నట్టు పెట్టారు."

"ఇదెక్కడి లెక్క! ఎవడైనా జేబు గురించి సెప్పడం మర్సిపోతే, నాను జేబు లేకుండా కుట్టీసేనేటి?"

"నువ్వు కుట్టలేదు బాబాయ్. అది కుట్టేసింది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మిషను బల్ల మీద అరచేత్తో రాశాడు. రోడ్డు మీద గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టరు ఒకటి గొలుసులు మోగించుకుంటూ పోయింది. అది పోయాక మెల్లిగా అడిగాడు.

"దేముడమ్మ మిసను అమ్మీమంటావేటి అంటే, నీ ఇష్టం అన్నాను కదా. మరి దానికి కూడా సున్నాయే కనిపించిందేటమ్మా?"

"అదే కనిపించి ఉంటుంది బాబాయ్" అన్నాను.

మర్నాడు పొద్దున్నే సార్ స్కూటరు తీశారు. వెనక నేను. తప్పు ఆయనదైనా తిరగడానికి వెనకాడలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కె.కోటపాడు వైపు కొన్ని ఇళ్ళు, వడ్డాది వైపు కొన్ని. వడ్డాదిలో అప్పలనరసమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలదీసింది.

"ఏ వారమైనా ఒత్తానన్నాను కదా! మరి నన్నొగ్గీసేరేటి? ఎనకొచ్చినోలందరూ నల్లద్దాలెట్టుకుని తిరుగుతన్నారు!"

"పొరపాటైందమ్మా" అన్నారు సార్, చెమట తుడుచుకుంటూ. "రేపు వస్తారా?"

"రేపైనా పరవాలేదు, ఎల్లుండైనా..."

"రేపు అని చెప్పు పిన్నీ!" అని నేను కేక పెట్టాను. ఆవిడ అదిరిపడి, "ఓలమ్మో, రేపే, రేపే" అంది.

అచ్చియ్యమ్మని కూడా అడిగాం. నిజంగానే వద్దంది. సంతోషం, ఒక్క సున్నా అయినా సరైనదే.

మధ్యాహ్నానికి అందరినీ గణపతిరావుగారి బట్టలకొట్టు ముందుకి చేర్చాం. బాబాయి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని పిన్ని వచ్చింది. గణపతిరావుగారు సంగతంతా విని శ్యాంప్రసాద్ సార్ వైపు ఒక చూపు చూసి, తల గోక్కున్నారు.

"ఆఖరి వేను నిండిపోయింది కదరా బాబూ. ఈ వారమే కావాలని అడిగినోళ్ళే సీటుకి ఇద్దరున్నారు. వీళ్ళనెక్కడ కూకోబెట్టను? వచ్చే ఏడు మళ్ళీ పెడతాం శిబిరం." అని గుంపులో కళ్ళు తిప్పి, అందరిలోకీ ఎవరు మెత్తనో చూసుకుని, బాబాయి దగ్గర ఆగారు. "ఏటి తవిటయ్యా? నువ్వెప్పుడూ తొందరపడే మనిషివి కాదు. వచ్చే ఏడు ఎళ్ళొచ్చు, ఏటంటావు?"

ఆయన ఒక్కడు సరేనంటే మిగతావాళ్ళు నోరెత్తరు. అది గణపతిరావుగారికి తెలుసు, నాకూ తెలుసు.

"పరవాలేదు..." అన్నాడు బాబాయి.

తిట్టడానికి నోరు తెరిచాను.

"...అని సెప్పడానికి రాలేదు బాబూ నాను" అన్నాడు. "నాకు రేపే కావాల. ఒచ్చే ఏడొద్దు. సోమారం నా మిసను అట్టుకెళ్ళిపోతన్నారు. నాకది అమ్మడం ఇష్టం లేదు. సూపొస్తే నాను కుట్టుకుంటాను. ఇటికలకాడ కూకోలేను. ఈ మాట మా ఆడదానికే సెప్పలేదు, మీకు సెప్తన్నాను."

అంత పొడుగు మాట ఆయన నోటి వెంట ఎవరూ వినలేదు. కొట్టులో గుడ్డ కొలిచే కుర్రాడు గజంబద్ద పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ముందుగా తేరుకుంది పిన్నే.

"ఓలమ్మ! మరి నాను అడిగినప్పుడు నీ ఇష్టమన్నావేటయ్యా?"

"నీకు తెలిసిపోద్దనుకున్నానే."

"ఎలగ తెలుస్తాది? నాకు దివ్యదృష్టుందేటి? నీ కళ్ళు పోయేయి గానీ నోరు పోనేదు కదా!" అని కసురుతూనే పిన్ని ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

వెనక నుంచి అప్పలనరసమ్మ గొంతు లేచింది. "నాక్కూడా రేపే కావాల బాబూ." ఇంకొకరు, "నాకూ." మొహమాటస్తుల గుంపంతా ఒక్కసారి నోరు విప్పింది. గణపతిరావుగారు రెండు చేతులూ ఎత్తారు.

"సాలు, సాలు! నా జీపు కట్టిస్తాను. ఒరే, మన రైసుమిల్లు వేను కూడా రమ్మనండి" అని లోపలికి కేకేశారు. అలా చేతులెత్తినప్పుడు చూశాను, ఆయన మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాకి గోధుమరంగు కాజాలు. కొట్టు నిండా దారాలున్న మనిషి, ఎవరి చేత కుట్టించుకున్నాడో ఆ చొక్కాయే చెప్పింది. నాకు ఆయన మీదున్న కోపం సగానికి సగం పోయింది.

శనివారం తెల్లారే జీపు బయలుదేరింది. సోమవారం పరదేశి బండి తీసుకుని మిషను కోసం వచ్చాడు. బాబాయి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పిన్ని మిషను మీద కేరేజీ పెట్టుకుని కూర్చుంది.

"అమ్మం. ఆయనకిష్టం లేదు" అంది, ఊరంతా వినేలా. ఆయనకి ఒక ఇష్టం ఉందని చెప్పుకోవడం ఆవిడకి గొప్పగా ఉందని నాకనిపించింది.

ఆ వారంలోనే శ్యాంప్రసాద్ సార్ వారాల గడిలో అన్నిటికన్నా పైన కొత్తగా ఒకటి చేర్చారు, 'ఏ వారమైనా' అని. అది కూడా నొక్కాలి, నొక్కితే ఆకుపచ్చ అవుతుంది, లెక్కలోకి వస్తుంది. ఆ సంవత్సరం మా విద్యార్థులకి ఆ పాఠం నేనే చెప్పాను. ఎంచినవెన్ని, వీలున్నవెన్ని, ఈ రెండిటికీ తేడా ఏమిటి అని బోర్డు మీద రాసేదాన్ని. అర్థం కానివాళ్ళని మెట్లు దిగి కిందికి వెళ్ళి తవిటయ్య బాబాయిని చూసి రమ్మనేదాన్ని.

కుట్టు కుట్టొచ్చని డాక్టరు చెప్పేసరికి సంక్రాంతి దాటింది. ఆ రోజు బాబాయి నల్లద్దాలు తీసి, సూది ఎత్తి, దారం తడిపి ఒక్కసారికే ఎక్కించాడు. మెట్ల మీద కూర్చున్న మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన సిగ్గుపడుతూ తలెత్తి మమ్మల్ని చూశాడు. ఆ చూపు నా జాకెట్టు మీద ఆగింది.

"ఓర్నాయనో! రూపమ్మా, ఆ జాకెట్టు ఎవడు కుట్టేడు?"

నేను పైట లాక్కున్నాను. "నువ్వే బాబాయ్."

"మెరూను మీద ఆకుపచ్చ దారమా!" అంటూనే రోడ్డు మీదికి చూశాడు. ఎదురుగా టీకొట్టాయన నీలం చొక్కాకి పసుపు కాజాలు. సైకిలు మీద పోతున్న మేష్టారి తెల్లచొక్కాకి ఎర్ర కుట్లు. "ఆ సొక్కా నాదే. అదీ నాదే. అయ్యయ్యో! ఊరందర్నీ పగటేసగాళ్ళని సేసీసేను కదే! ఒక్కడైనా ఒచ్చి సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు కుట్టడం మానేత్తావని" అంది పిన్ని. "అందరికీ తెలుసు. ఎవులూ ఇంకో టైలరు కాడికి ఎల్లనేదు."

బాబాయి కళ్ళు తుడుచుకోబోతే, కొత్త కన్ను ముట్టుకోవద్దని పిన్ని చెయ్యి మీద ఒకటి వేసింది. తర్వాత ఆయన నా వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"రేపు ఆ జాకెట్టు అట్టుకురా, విప్పి కుడతాను. ఏ రంగు దారం ఎయ్యమంటావు?"

"ఏదైనా పరవా..."

"సెప్పు!" అని గద్దించాడు. "సెప్పకపోతే సున్నా అని రాసుకుంటాను."

అందరం పడీపడీ నవ్వాం. పిన్ని మాత్రం మూతి తిప్పింది. "ఈ బుద్ధి పెళ్ళిసూపులనాడు ఏటయిపోయిందో!"

బాబాయి తిరగబోతున్న చక్రాన్ని చేత్తో ఆపాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. చాలా రోజుల తర్వాత తేటగా కనిపిస్తోంది కాబట్టి బాగా చూశాడు.

"ఆవేళ మీ సెల్లిని నాను సూడనేలేదే. నువ్వు గుమ్మంలోకి రాగానే నిన్నే సూసేను. నువ్వే కావాలనిపించింది. మీ నాన్న అడిగితే సిగ్గేసి నోరు రాలేదు, అంతే."

పిన్ని ఖాళీ కేరేజీ గిన్నెలు ఒకదానిలో ఒకటి సర్దింది. సర్దినవి మళ్ళీ తీసింది.

"ముప్పై ఏళ్ళు దాచీసేవు కదయ్యా" అంది చివరికి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ముందు ఆ గుంట జాకెట్టు సంగతి సూడు."